పక్క దేశంలో యుద్ధం, మోల్డోవాలో చీకటి

2022 నవంబరు 15న మోల్డోవాలో సగానికి పైగా దేశానికి ఒక్కసారిగా కరెంటు పోయింది. ఆ దేశం మీద ఎవరూ బాంబు వేయలేదు. ఆ రోజు రష్యా క్షిపణులు పడింది ఉక్రెయిన్ గ్రిడ్ మీద. ఆ కుదుపుకి రుమేనియా నుంచి మోల్డోవాకు కరెంటు తెచ్చే పెద్ద లైను దానంతట అదే ట్రిప్ అయింది. కొద్ది గంటల్లో కరెంటు తిరిగొచ్చింది. ఎనిమిది రోజులకి, నవంబరు 23న, మళ్లీ అదే జరిగింది.

యుద్ధం పక్క దేశంలో జరిగితే చిన్న దేశం ఆర్థికంగా ఎలా దెబ్బతింటుందన్న ప్రశ్నకి మామూలుగా వినిపించే జవాబు ఒకటుంది: అమ్మకాలు ఆగిపోతాయి, ధరలు పెరుగుతాయి, పెట్టుబడులు భయపడతాయి. తప్పేమీ లేదు. కానీ మోల్డోవా విషయంలో ఈ జవాబుతో అసలు సంగతి అర్థం కాదు. ఎందుకంటే వ్యాపార లెక్కల ప్రకారం ఆ దేశం రష్యా నుంచి ఎప్పుడో దూరం జరిగింది. 2000లో మోల్డోవా ఎగుమతుల్లో 40 శాతానికి పైగా రష్యాకే వెళ్లేవి. 2021 నాటికి ఆ వాటా 10 శాతం లోపుకి పడిపోయింది. 60 శాతానికి పైగా సరుకు యూరోపియన్ యూనియన్ దేశాలకే పోతోంది. ఈ పట్టిక మాత్రమే చూసినవాడు ఎవడైనా, రష్యా ఏం చేసినా ఈ దేశానికి పెద్దగా తగలదనే అనుకుంటాడు. ఏడాది తిరిగేసరికి, 2022 అక్టోబరులో, అక్కడ ద్రవ్యోల్బణం 34.6 శాతానికి చేరింది.

పట్టికకీ జరిగినదానికీ ఇంత తేడా ఎందుకు వచ్చింది? శాతాల్లో చూస్తే దొరకదు. పైపులు, తీగలు, రైలు పట్టాలు ఎటు వెళ్తున్నాయో చూడాలి.

ముందు మ్యాపు. పడమర రుమేనియా, మిగతా మూడు వైపులా ఉక్రెయిన్. జనాభా 24 లక్షల దాకా. తూర్పున నీస్టర్ నది పొడవునా ట్రాన్స్‌నిస్ట్రియా అనే సన్నటి ముక్క ఉంది. 1992లో చిన్నపాటి యుద్ధం జరిగి ఆ ముక్క విడిపోయింది. ప్రపంచంలో ఏ దేశమూ దాన్ని గుర్తించలేదు, రష్యాతో సహా. రష్యా సైనికులు మాత్రం ఇప్పటికీ అక్కడే ఉన్నారు. సోవియట్ కాలంలో కట్టిన భారీ పరిశ్రమల్లో పెద్ద భాగం కూడా ఆ ముక్కలోనే ఉండిపోయింది. వాటిలో ఒకటి కుచుర్గాన్ విద్యుత్ కేంద్రం.

అసలు ముడి పడింది ఇక్కడే. కాస్త నిదానంగా చూద్దాం.

కుచుర్గాన్ కేంద్రం రష్యా గ్యాస్‌తో నడిచేది. ఆ గ్యాస్‌ని రష్యా ప్రభుత్వ కంపెనీ గాజ్‌ప్రోమ్ సరఫరా చేసేది. ట్రాన్స్‌నిస్ట్రియా దానికి డబ్బు కట్టేది కాదు. ఏళ్ల తరబడి కట్టలేదు. బాకీ మాత్రం మోల్డోవాగాజ్ అనే కంపెనీ పద్దులో పేరుకుపోయేది. ఆ కంపెనీలో సగం వాటా గాజ్‌ప్రోమ్‌దే. అంటే అమ్మేవాడే కొనేవాడి కంపెనీలో సగం యజమాని. ఉచితంగా వచ్చిన గ్యాస్‌తో కుచుర్గాన్ చవగ్గా కరెంటు తయారుచేసి, దాన్ని నదికి ఇవతలున్న మోల్డోవాకు అమ్మేది. ఆ డబ్బుతో ట్రాన్స్‌నిస్ట్రియా పాలకులు తమ బడ్జెట్ నడుపుకునేవారు. మోల్డోవా ప్రభుత్వానికి చవక కరెంటు దొరికేది. వేర్పాటు ప్రాంతానికి జీతాలు, పెన్షన్ల డబ్బు దొరికేది. మాస్కోకి రెండు వైపులా పట్టు దొరికేది. ముప్పై ఏళ్ల పాటు ఎవరూ ఈ ముడి విప్పకపోవడానికి కారణం ఇదే: అందరికీ ఎంతో కొంత గిట్టుబాటు అయింది. రాజధాని కిషినావ్‌లో అధికారంలోకి వచ్చిన పార్టీలు ఒకటి తర్వాత ఒకటి యూరప్ గురించి ఉపన్యాసాలు ఇస్తూనే, చలికాలం వచ్చేసరికి కుచుర్గాన్‌తో ఒప్పందం మీద సంతకం పెట్టేవి. నా దృష్టిలో తప్పు మాస్కోది ఒక్కదానిదే కాదు, ఈ సంతకాలది కూడా.

ఇంకో చిక్కు ఉంది. రుమేనియా దగ్గర కరెంటు కొందామన్నా, అది వచ్చే దారి కూడా కుచుర్గాన్ మీదుగానే. డాన్యూబ్ ఒడ్డునున్న ఇసాక్చియా నుంచి బయలుదేరిన 400 కిలోవోల్టుల లైను దక్షిణ మోల్డోవాలోని వుల్కనెష్టికి వస్తుంది. అక్కడి నుంచి నేరుగా రాజధానికి పోదు. కుచుర్గాన్‌కి వెళ్లి, అక్కడ నుంచి వేరే లైన్ల మీద కిషినావ్‌కి మళ్లుతుంది. సోవియట్ ఇంజనీర్లు గీసిన గీతలవి. వాళ్ల లెక్కలో ఉక్రెయిన్, మోల్డోవా ఒకే ఇంట్లో రెండు గదులు. మధ్యలో సరిహద్దు వస్తుందని వాళ్లెందుకు అనుకుంటారు?

ఇప్పుడు 2022 అక్టోబరులో ఏం జరిగిందో చూస్తే వరస తెలుస్తుంది. అప్పటికి మోల్డోవా కరెంటులో సుమారు మూడో వంతు ఉక్రెయిన్ నుంచి వచ్చేది, మిగతాది కుచుర్గాన్ నుంచి. అక్టోబరు 10న రష్యా ఉక్రెయిన్ విద్యుత్ కేంద్రాల మీద దాడులు మొదలుపెట్టింది. తన ఇంటికే చాలనప్పుడు ఉక్రెయిన్ ఎగుమతి ఆపేసింది. అదే నెలలో గాజ్‌ప్రోమ్ మోల్డోవాకిచ్చే గ్యాస్‌ని రోజుకి 57 లక్షల ఘనపు మీటర్లకి తగ్గించింది. గ్యాస్ తగ్గిందని కుచుర్గాన్ కూడా నదికి ఇవతలికి కరెంటు తగ్గించి, నవంబరు మొదట్లో ఆపేసింది. నెల తిరక్కుండానే రెండు చేతులూ విరిగినట్టయింది. మిగిలింది రుమేనియా లైను ఒక్కటే. నవంబరులో ట్రిప్ అయింది ఆ లైనే.

డిసెంబరులో ఒక వింత రాజీ కుదిరింది. గాజ్‌ప్రోమ్ పంపే గ్యాస్ మొత్తం ట్రాన్స్‌నిస్ట్రియాకే వదిలేసి, మోల్డోవా తన గ్యాస్ యూరప్ మార్కెట్లో కొనుక్కుంటుంది. బదులుగా కుచుర్గాన్ కరెంటు మెగావాట్ అవర్‌కి 73 డాలర్ల చొప్పున ఇస్తుంది. యూరప్ ధరలతో పోలిస్తే అది చవక. యుద్ధానికి ఖర్చుపెడుతున్న దేశం పంపిన గ్యాస్‌తో తయారైన కరెంటుని, యూరప్‌లో చేరతామంటున్న ప్రభుత్వం కొనుక్కుంది. నైతికంగా ఇబ్బందే. కానీ గడ్డకట్టే చలికి ముందు రాజధానిలో హీటింగ్ ఆగకుండా చూడాల్సిన మంత్రికి వేరే దారి ఏముంది?

సామాన్యుడికి ఇదంతా కనిపించింది బిల్లు రూపంలో. యుద్ధానికి ముందే, 2021 అక్టోబరులో, గ్యాస్ ఒప్పందం ముగిసి ధర పెరగడంతో ఒక విడత టెన్షన్ మొదలైంది. అక్కడ నుంచి ఏడాదిలో ఇళ్లకిచ్చే గ్యాస్ ధర ఆరేడు రెట్లు అయింది. ఎంత అనుకున్నా, ఈ స్థాయిలో పెరిగితే పొదుపు చేయండనే సలహా జోకులా వినిపిస్తుంది. అందుకని ప్రభుత్వం ఒక పద్ధతి తెచ్చింది. ప్రతి కుటుంబం ఆన్‌లైన్‌లో తన ఆదాయం, ఇంటి వైశాల్యం, హీటింగ్ ఎలా చేసుకుంటుందనే వివరాలు నమోదు చేసుకోవాలి. దాన్నిబట్టి కుటుంబాన్ని ఒక వర్గంలో పెట్టి, రాయితీని బిల్లులోనే తగ్గించి చూపించారు. ఈ పథకానికి వాళ్లు పెట్టుకున్న పేరుకి అర్థం 'మీటరు దగ్గరే సాయం'. డబ్బులో ఎక్కువ భాగం విదేశీ సాయం నుంచీ అప్పుల నుంచీ వచ్చింది. ఎవరికి ఎంత అవసరమో చూసి ఇవ్వడం ఖజానా తక్కువగా ఉన్న దేశానికి తెలివైన పనే అని నా అభిప్రాయం. కాకపోతే ఊరి చివర కట్టెల పొయ్యితో బతికే ముసలావిడ వెబ్‌సైట్లో ఫారం నింపాలి.

కేంద్ర బ్యాంకు వైపు నుంచి చూస్తే పరిస్థితి ఇంకా ఇరుకు. ధరలు పెరిగింది జనం ఎక్కువ ఖర్చుపెట్టడం వల్ల కాదు, బయట నుంచి వచ్చే గ్యాస్, పెట్రోలు, తిండిగింజల వల్ల. వడ్డీ పెంచితే గ్యాస్ ధర తగ్గదు. అయినా పెంచకపోతే మోల్డోవా కరెన్సీ లెయు విలువ పడిపోయి దిగుమతులు ఇంకా ప్రియమవుతాయి. 2022 ఆగస్టులో కీలక వడ్డీ రేటు 21.5 శాతానికి చేరింది. అంత వడ్డీకి అప్పు తెచ్చి వ్యాపారం చేసేవాడెవడు? ఆ ఏడాది దేశ ఆర్థిక వ్యవస్థ దాదాపు 5 శాతం కుంచించుకుపోయింది. ఇందులో అన్నీ యుద్ధం ఖాతాలో వేయడం న్యాయం కాదు. ఆ వేసవిలో కరువు కూడా వచ్చి మొక్కజొన్న బాగా దెబ్బతింది. 2024 మధ్యకి రేటు 3.6 శాతానికి దిగింది.

ఇక పండ్లు, ద్రాక్షసారా సంగతి. మోల్డోవా అనగానే వైన్ గుర్తొస్తుంది. మిలెష్టి మిచ్ అనే ఊళ్లో సున్నపురాయి గనుల్లో చేసిన సెల్లార్ల పొడవు 200 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఆ దేశం ఆధారపడటం గురించి మొదటి పాఠం నేర్చుకున్నది గ్యాస్ దగ్గర కాదు, ఈ సీసాల దగ్గర. 2006లో రష్యా నాణ్యత బాగాలేదంటూ మోల్డోవా వైన్‌ని నిషేధించింది. అప్పటికి ఎగుమతయ్యే వైన్‌లో అత్యధిక భాగం అక్కడికే పోయేది. ఎన్నో కంపెనీలు మునిగాయి. మిగిలినవి కష్టపడి రుచి మార్చుకున్నాయి, తియ్యటి వైన్ తగ్గించి యూరప్ వాళ్లకి నచ్చే రకాలు చేశాయి, కొత్త కొనుగోలుదారుల్ని వెతుక్కున్నాయి. 2013లో మళ్లీ నిషేధం వచ్చినప్పుడు దెబ్బ మొదటిసారంత లోతుగా దిగలేదు.

ఆపిల్ రైతులు మాత్రం ఆ పాఠం పూర్తిగా నేర్చుకోలేదు, నేర్చుకునే వీలూ తక్కువే. సీసాలో వైన్ ఏళ్లపాటు ఆగుతుంది, కొత్త కొనుగోలుదారు దొరికేదాకా ఎదురుచూస్తుంది. ఆపిల్ ఆగదు. పైగా ఏ రకం చెట్టు నాటారో పదిహేనేళ్లపాటు అదే కాస్తుంది. రష్యా మార్కెట్ కోసం నాటిన తోటల్లో కాసిన రకాలు, సైజులు యూరప్ సూపర్ మార్కెట్ల కొలతలకి సరిపోవు. 2022 ఆగస్టులో రష్యా మళ్లీ పురుగుల సాకుతో మోల్డోవా పండ్లమీద ఆంక్షలు పెట్టింది. దానికి కాస్త ముందు, జులైలో, యూరోపియన్ యూనియన్ ఏడు సరుకులకి కోటాలు తాత్కాలికంగా సడలించింది: టమాటా, వెల్లుల్లి, ద్రాక్ష, ఆపిల్, చెర్రీ, ప్లమ్, ద్రాక్షరసం. ప్లమ్, ద్రాక్ష అమ్ముకున్నవాళ్లు బాగానే నిలదొక్కుకున్నారు. మార్కెట్ తెరుచుకోవడం ఒక రోజు పని. చెట్టు మార్చుకోవడం అలా కాదు.

యుద్ధం దెబ్బ ఎక్కువగా పట్టించుకోని ఇంకో చోట కూడా తగిలింది. సరుకు ఏ దారిన వస్తుంది, ఏ దారిన పోతుంది అన్నది. కిషినావ్‌కి ఉక్రెయిన్ రేవు ఒడెసా 180 కిలోమీటర్ల దూరం. యుద్ధానికి ముందు మోల్డోవాకు సముద్రం అంటే ఒడెసాయే. 2022 ఫిబ్రవరి 24న ఆ తలుపు మూసుకుంది. అదే రోజు మోల్డోవా తన గగనతలం కూడా మూసేసింది, దాదాపు నెల తర్వాత తెరిచింది. కంటైనర్లు రుమేనియాలోని కాన్‌స్టాంట్సా రేవుకి మళ్లాయి, దూరం పెరిగింది, బీమా పెరిగింది.

అప్పటిదాకా పెద్దగా ఎవరికీ పట్టని ఒక చిన్న చోటు ఒక్కసారిగా ముఖ్యమైపోయింది. మ్యాపులో మోల్డోవా దక్షిణపు కొన చూడండి. డాన్యూబ్ నదిని అది తాకేది అర కిలోమీటరు కూడా ఉండదు. ఆ కాస్త ఒడ్డు మీద జుర్జులెష్టి రేవు ఉంది. సముద్రంలో తిరిగే ఓడలు అక్కడిదాకా రాగలవు. ఉక్రెయిన్ నల్లసముద్రపు రేవులు మూతపడి, చమురు శుద్ధి కేంద్రాలు దెబ్బతిన్నాక, ఆ దేశానికి డీజిల్ కావాల్సి వచ్చింది. మోల్డోవా మీదుగా ఇంధనం ఉక్రెయిన్‌కి పోవడం మొదలైంది. ఉక్రెయిన్ ధాన్యం ఇటువైపు వచ్చింది. సరిహద్దులో ఏళ్లుగా వాడకుండా వదిలేసిన బెరెజినో–బసరబియాస్కా రైలు మార్గాన్ని 2022లోనే బాగుచేశారు. అంతా కలిపి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. ఆ ముక్కతో ఉక్రెయిన్ డాన్యూబ్ రేవులకి కొత్త దారి తెరుచుకుంది.

ఇక్కడే గణాంకాలు ఇంకో మోసం చేశాయి. ద్రవ్యోల్బణం 30 దాటిన 2022లో మోల్డోవా ఎగుమతులు బాగా పెరిగాయి, 430 కోట్ల డాలర్లు దాటాయి. చూసినవాళ్లు ఆ దేశం యుద్ధం నుంచి లాభపడిందని కూడా రాశారు. ఆ పెరుగుదలలో పెద్ద వాటా ఉక్రెయిన్‌కి తిరిగి అమ్మిన ఇంధనానిది. ఇటు కొని అటు అమ్మితే మధ్యవర్తికి మిగిలేది కమీషన్, రవాణా ఖర్చు. ఊళ్లో ఫ్యాక్టరీ పెరగదు. 2024 వచ్చేసరికి ఎగుమతులు 360 కోట్ల దరిదాపులకి జారిపోయాయి. అదే సమయంలో చవగ్గా వచ్చిపడిన ఉక్రెయిన్ ధాన్యం వల్ల మోల్డోవా రైతుకి గిట్టుబాటు ధర రాలేదు. ట్రాక్టర్లు రోడ్డెక్కాయి. పక్కింటివాడి మీద జాలి, తన గోదాములో అమ్ముడుపోని గోధుమలు: రెండూ ఒకే రైతు దగ్గర ఉన్నాయి.

ఈ దారుల మార్పు ఎంత కష్టమో చూడాలంటే ఉంగెని స్టేషన్‌కి వెళ్లాలి. ప్రూట్ నదికి ఇవతల మోల్డోవా, అవతల రుమేనియా. మధ్యలో ఐఫెల్ పేరుతో పిలిచే పందొమ్మిదో శతాబ్దపు రైలు వంతెన. మోల్డోవాలో పట్టాల మధ్య వెడల్పు 1520 మిల్లీమీటర్లు, రుమేనియాలో 1435. తేడా 85 మిల్లీమీటర్లు, నాలుగు వేళ్ల మందం. ఆ నాలుగు వేళ్ల కోసం కిషినావ్ నుంచి బుఖారెస్ట్ వెళ్లే రైలు ఉంగెనిలో ఆగుతుంది. పెట్టెల్ని జాకీలతో పైకి లేపి, కింద చక్రాల బండ్లు లాగేసి, వేరే వెడల్పువి దూర్చుతారు. ప్రయాణికులు లోపలే కూర్చుని ఉంటారు. యూరప్ వైపు వ్యాపారం మళ్లించాలన్న ప్రతి నిర్ణయమూ సరుకు రైలు దగ్గరికొచ్చేసరికి ఈ 85 మిల్లీమీటర్ల దగ్గర ఆగుతుంది. తూర్పుకి పోయే బండికి ఈ బాధ లేదు, పట్టాలు ఒకటే. అందుకే శాతాలు మారినంత తొందరగా దారులు మారవు.

గ్యాస్ పైపు కథ కూడా ఇంతే. రుమేనియాలోని యాష్ నుంచి ఉంగెని దాకా పైపు 2014లోనే ప్రారంభమైంది. రిబ్బన్లు కత్తిరించారు, ఫోటోలు దిగారు. అక్కడ నుంచి రాజధానికి పొడిగింపు పూర్తవడానికి మరో ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లు అది దాదాపు ఎవరికీ పెద్దగా అక్కర్లేని పైపు, విమర్శకులకి ఎగతాళి. 2022లో అది లేకపోతే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

కుళాయి పూర్తిగా కట్టేసిన రోజు 2025 జనవరి 1. ఉక్రెయిన్ మీదుగా రష్యా గ్యాస్ పంపే ఒప్పందం ఆ రోజుతో ముగిసింది. వేరే దారిలో పంపే వీలున్నా గాజ్‌ప్రోమ్ పంపలేదు. మోల్డోవా 70.9 కోట్ల డాలర్లు బాకీ ఉందని చెప్పింది. మోల్డోవా చేయించిన ఆడిట్ ప్రకారం ఆ బాకీ 86 లక్షల డాలర్లు. ఇంత తేడా ఉన్న రెండు లెక్కల మధ్య బేరం ఎక్కడ మొదలుపెడతారు?

ఈసారి దెబ్బ తిన్నది ఎక్కువగా ట్రాన్స్‌నిస్ట్రియా. హీటింగ్ ఆగింది, వేడినీళ్లు ఆగాయి, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, కరెంటు వంతులవారీ కోతలు మొదలయ్యాయి. ముప్పై ఏళ్లు ఉచిత గ్యాస్‌తో కాపాడతానన్న రక్షకుడే నడి చలికాలంలో కట్టేశాడు. నదికి ఇవతల కరెంటు పోలేదు, ఎక్కువ భాగం రుమేనియా నుంచి వచ్చింది. చవక కుచుర్గాన్ కరెంటు పోయింది కాబట్టి బిల్లు మళ్లీ పెరిగింది, కేంద్ర బ్యాంకు మళ్లీ వడ్డీ పెంచింది.

మరి ఆధారపడటం తగ్గిందా, చేతులు మారిందా? రెండోదే ఎక్కువ నిజం అనిపిస్తుంది నాకు. కరెంటు రుమేనియా నుంచి. సరుకు ఎక్కువగా యూరోపియన్ యూనియన్‌కి. బెల్ట్సి లాంటి పట్టణాల్లో జర్మన్ కార్ల కోసం వైరింగ్ కట్టలు తయారుచేసే ఫ్యాక్టరీలు ఎగుమతుల్లో పెద్ద పీట వేసుకున్నాయి. జర్మనీలో కార్ల అమ్మకాలు తగ్గితే షిఫ్టులు తగ్గేది ఇక్కడ. 2024లో దిగుమతులు 900 కోట్ల డాలర్లు దాటాయి, ఎగుమతులు అందులో సగం కూడా లేవు. ఆ లోటు పూడ్చేది విదేశాల్లో పనిచేసేవాళ్లు పంపే డబ్బు, సేవల ఆదాయం, అప్పులు, సాయం. 2025–27 కాలానికి యూరోపియన్ యూనియన్ 190 కోట్ల యూరోల దాకా ప్యాకేజీ ప్రకటించింది, అందులో అధిక భాగం అప్పే.

అయినా ఈ రెండు రకాల ఆధారాలూ ఒకటేనని కొట్టిపారేయడం నాకు నచ్చదు. మార్కెట్లో గ్యాస్ కొంటే ధర మండిపోవచ్చు, కానీ ఒకడు కాదంటే ఇంకొకడు అమ్ముతాడు. పాత ఒప్పందంలో ధర చవక, అమ్మేవాడు ఒక్కడే, పైపు ఒక్కటే, ఎన్నికల ఫలితం నచ్చకపోతే ఆపేయగలిగేదీ అతనే. చవకకి కట్టిన అసలు ధర అది. ఈ లెక్క ఓటర్లందరికీ ఒకేలా కనిపించలేదు. 2024 అక్టోబరు 20న యూరోపియన్ యూనియన్‌లో చేరే లక్ష్యాన్ని రాజ్యాంగంలో రాయాలా అని ప్రజాభిప్రాయం అడిగితే అవునన్నవాళ్లు 50.35 శాతం. ఓట్లు కొనే ప్రయత్నాలు జరిగాయని ప్రభుత్వం ఆరోపించింది. అది పక్కనపెట్టినా, మూడు చలికాలాల బిల్లులు కట్టిన మనిషి యూరప్ అంటే ఖర్చు అనుకుంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

కుచుర్గాన్‌ని తప్పించుకుని వుల్కనెష్టి నుంచి నేరుగా కిషినావ్‌కి 157 కిలోమీటర్ల కొత్త లైను చేపట్టారు, ప్రపంచ బ్యాంకు అప్పుతో. అది పనిచేస్తే రాజధాని కరెంటు ఇక ట్రాన్స్‌నిస్ట్రియా తిరిగి రానక్కర్లేదు. అయితే వుల్కనెష్టికి కరెంటు వచ్చేది ఇప్పటికీ ఇసాక్చియా నుంచే. డాన్యూబ్ దాటాక ఆ తీగ మోల్డోవాలోకి వచ్చేలోపు కొంత దూరం ఉక్రెయిన్ నేల మీదుగా పోతుంది. ఉత్తరాన బెల్ట్సి నుంచి రుమేనియాలోని సుచావాకు ఇంకో లైను వేయాలన్న ప్రణాళిక అందుకే.